మూడో బెడ్ అవ్వ రెండు రోజులుగా ఏమీ అడగడం లేదు

ప్రశ్న: మేడం గారికి నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. నాకు 23 ఏళ్లు. ఇంటర్ తర్వాత ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపేశాను. నాలుగు నెలలుగా హనుమకొండలో మతిమరుపు జబ్బు, మానసిక సమస్యలు ఉన్న వృద్ధుల సెంటర్‌లో కేర్‌టేకర్‌గా చేస్తున్నాను. మొత్తం 18 మంది ఉంటారు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా మేము ఇద్దరమే. జీతం 11 వేలు. సైకియాట్రిస్ట్ సారు వారానికి రెండుసార్లు వస్తారు.

మూడో బెడ్‌లో ఒక అవ్వ ఉంది. నన్ను చూస్తే చాలు "నా కమ్మలు నువ్వే తీసినవ్" అంటుంది. అందరి ముందు దొంగ అంటుంటే తల కొట్టేసినట్టు ఉంటుంది. పొద్దుగూకితే "ఇంటికి పోత" అని గేటు పట్టుకుని నిలబడుతుంది. "రేపు మీ కొడుకు వస్తడు" అని రోజూ చెప్పి పడుకోబెడుతున్నాను. ఆ కొడుకు అమెరికాలో ఉన్నాడు, ఇప్పట్లో రాడు. అబద్ధం చెప్పానని నాకే నిద్ర పట్టదు. ఇంకో తాత రిటైర్డ్ టీచర్. స్నానం చేయిస్తుంటే చెంప మీద కొట్టాడు. "మీరిద్దరే కదా, రాత్రి పూట ఆయన చేతులు కట్టేయండి" అని ఇన్‌చార్జి చెప్పాడు. నేను కట్టలేదు, నాతో ఉన్న ఆమె కట్టింది. పోయిన నెల ఒక పెద్దమ్మ చనిపోతే ఏడ్చాను. "ఇట్ల ఏడిస్తే ఈ పని చేయలేవు" అన్నారు. మా అమ్మ మాత్రం "పిచ్చాసుపత్రిలో పని అంటే సంబంధాలు రావు, మానెయ్" అంటోంది. అసలు నేను ఈ పనికి పనికొస్తానా మేడం? రెండు రోజుల నుంచి మూడో బెడ్ అవ్వ సతాయించడం లేదు. అన్నం కూడా సరిగా తినకుండా పడుకునే ఉంటోంది. కమ్మల మాట లేదు, గేటు మాట లేదు. అందుకే నాకు ఈ ఉత్తరం రాసే తీరిక దొరికింది.

జవాబు: బిడ్డా, నీ ఉత్తరంలో చివరి మాటలు చదివాక జవాబు రాయడం పక్కన పెట్టి నువ్విచ్చిన నంబర్‌కు ఫోన్ చేశాను. అప్పుడు మనం మాట్లాడుకున్నది మిగతా పాఠకులకు కూడా తెలియాలి. నువ్వు అడిగిన ప్రశ్నలన్నిటికంటే, అడగకుండా ఊరికే రాసి వదిలేసిన ఆ సంగతే నాకు పెద్దదిగా కనిపించింది.

నాలుగు నెలలుగా ప్రతి సాయంత్రం గేటు పట్టుకుని నిలబడే మనిషి ఉన్నట్టుండి మానేసింది. తిండి తగ్గింది. పగలూ రాత్రీ మగతలోనే ఉంటోంది. చూసిన వాళ్లు "అమ్మయ్య, నెమ్మదించింది" అనుకుంటారు. కానీ మతిమరుపు జబ్బు రెండు రోజుల్లో అలా మారదు. అది నెలల మీద, ఏళ్ల మీద ముదిరే జబ్బు. కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో మనిషి తీరు మారిపోయిందంటే ఒంట్లో ఇంకేదో జరుగుతోందని అర్థం. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీళ్లు తగ్గడం, రక్తంలో సోడియం అనే ఉప్పు పడిపోవడం, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, చెప్పుకోలేని నొప్పి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పెద్ద వయసులో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం రాదు. డెలీరియం వస్తే కొందరు కేకలు పెడతారు, లేని మనుషులతో మాట్లాడతారు, సెలైన్ పీకేస్తారు. వాళ్లను అందరూ గమనిస్తారు. ఇంకొందరు ముడుచుకుని పడుకుంటారు. వాళ్లు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరి కంటా పడరు. అందుకే వాళ్లకు ప్రమాదం ఎక్కువ.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఒక పెద్దాసుపత్రి మానసిక వార్డులో స్టాఫ్ నర్సుగా చేరిన రెండో ఏడు అది. డెబ్బై దాటిన ఒక రైతు ఉండేవాడు. రాత్రంతా మంచం దిగి తిరిగేవాడు, పక్కవాళ్ల దుప్పట్లు లాగేవాడు. ఒక రాత్రి కదలకుండా పడుకున్నాడు. రిపోర్టు బుక్‌లో "పేషెంట్ ప్రశాంతంగా ఉన్నారు" అని రాసి సంతకం పెట్టాను. తెల్లారి వార్డు ఊడ్వడానికి వచ్చిన ఆయమ్మ ఆయన మంచం దగ్గర ఆగింది. దుప్పటి మీది నుంచే పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, "సిస్టరమ్మా, ఈయన ఒంటికి పోయి ఎంతసేపైంది? కడుపు కుండ లెక్క ఉన్నది" అంది. మూత్రం ఆగిపోయింది. గొట్టం వేస్తే లీటరుకు పైగా వచ్చింది. చేతుల వణుకు తగ్గాలని మూడు రోజుల ముందు మొదలుపెట్టిన మాత్ర ఆ పని చేసింది. ఆయన బతికాడు. కానీ ఆ రాత్రి ఎనిమిది గంటలు ఆయన పడిన బాధ పక్కన నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ల సర్వీసులో "ప్రశాంతంగా" అనే మాట మళ్లీ ఏ రిపోర్టులోనూ రాయలేదు.

అందుకే ఫోన్‌లో నిన్ను అన్ని ప్రశ్నలు అడిగాను. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తోందా? నువ్వెవరో గుర్తుపడుతోందా? డైపర్ ఎన్నిసార్లు తడిసింది, రంగెట్లా ఉంది? విరేచనం ఎప్పుడైంది? కొత్త మాత్ర ఏదైనా మొదలైందా? అన్నిటికీ నీ దగ్గర జవాబు ఉంది. పొద్దున్నుంచి ఒక్క డైపరే, కొంచెమే తడి, ముదురు రంగు అన్నావు. నీళ్లు తాగించబోతే పెదవుల పక్క నుంచి కారిపోతున్నాయన్నావు. ఆ స్థితిలో నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దని, ఊపిరితిత్తుల్లోకి పోతాయని నేను చెప్పాను. నువ్వు వెంటనే ఇన్‌చార్జిని లేపావు. డాక్టరు వచ్చే రోజు దాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, పైగా సోడియం బాగా తగ్గిందని తేలింది. వారం తర్వాత నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లో వెనకాల అవ్వ గొంతు వినిపించింది. "పొద్దుగూకింది, బర్రెకు గడ్డి ఎవలేస్తరు?" అని అడుగుతోంది.

ఈ పనికి పనికొస్తానా అని అడిగావు. సైకియాట్రిస్ట్ సారు వారానికి రెండుసార్లు వచ్చి ఒక్కో మనిషిని పది నిమిషాలు చూస్తారు. నువ్వు ఆరు రాత్రులు డ్యూటీ చేస్తే వారానికి 72 గంటలు వాళ్ల పక్కన ఉంటావు. నువ్వు చూసింది నీ నోటి నుంచో నీ రాత నుంచో ఆయన దాకా చేరకపోతే ఆయన చదువంతా సగమే పని చేస్తుంది. "బాగానే ఉంది" అని రాయకు. "రెండుసార్లు పిలిస్తే కళ్లు తెరిచింది, నా పేరు చెప్పలేదు, అర గ్లాసు నీళ్లు తాగింది" అని రాయి. నీ తెలుగులోనే రాయి, ఇంగ్లీషు కోసం తడబడకు. ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకో. తిండి, నీళ్లు, ఒంటికి, దొడ్డికి, నిద్ర, నడక. ఒక్కో మనిషికి ఈ ఆరు సంగతులు మామూలుగా ఎట్లా ఉంటాయో నీకు తెలిస్తే, ఏ రోజు మామూలుగా లేదో కూడా నీకే ముందు తెలుస్తుంది.

మన ప్రాంతానికి సంబంధించి రెండు సంగతులు ప్రత్యేకంగా చెప్పాలి. సెంటర్‌లో కొత్తగా చేరిన పెద్దాయన మొదటి రోజు బాగానే ఉండి, రెండో రోజో మూడో రోజో చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటే ఇంటివాళ్లను ఒక మాట అడగాలి: రోజూ కల్లు తాగేవాడా? అని. చెట్టు కల్లు పేరుతో చాలా చోట్ల అమ్మేదాంట్లో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతున్నారు. ఏళ్ల తరబడి తాగిన ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతబడినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి వాళ్లు వరుస కట్టారు. ముసలివాళ్లను, అందులోనూ ముసలమ్మలను, ఈ ప్రశ్న అడగడానికి మనవాళ్లకు మొహమాటం. అడగాల్సిందే.

రెండోది మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో ముసలివాళ్లకు దాహం తెలియదు. అడిగితే "వద్దు బిడ్డా" అంటారు, రాత్రి లేవాల్సి వస్తుందని భయం. మనసు ఒకసారి ఉరకలు వేసి, ఒకసారి కుంగిపోయే జబ్బుకు ఇచ్చే లిథియం మాత్ర వేసుకునే వాళ్లు ఉంటే మరీ జాగ్రత్త. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చెయ్యి పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసే ముందే డాక్టరుకు ఫోన్ వెళ్లాలి. మానసిక జబ్బులకు వాడే మాత్రలు కొన్ని, మనిషి లేచి నిలబడగానే బీపీ పడిపోయేలా చేస్తాయి. మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చోబెట్టి, అప్పుడు లేపు. తుంటి ఎముక విరిగితే మళ్లీ నడవని వాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక కమ్మల సంగతి. అవ్వ తన కమ్మలు ఎక్కడో దాచింది, లేదా ఎప్పుడో కోడలికి ఇచ్చింది. ఇచ్చిన సంగతి మనసులో లేదు. చెవి తడుముకుంటే కమ్మ లేదు. ఎదురుగా నువ్వున్నావు. ఉన్నదాంతో మెదడు ఒక కథ అల్లుకుంటుంది, ఆ కథ ఆవిడకు నిజం. రోజూ ఒంటి దగ్గరికి వచ్చే మనిషి మీదికే ఆ అనుమానం పోతుంది. అంటే అవ్వకు అందరికంటే దగ్గరగా ఉన్నది నువ్వేనని కూడా. "నేను తీయలేదు" అంటే వాదన అవుతుంది. "నీకసలు కమ్మల్లేవు" అంటే ఉన్న బంగారం పోయినంత బాధ ఆవిడకు. "అయ్యో, కమ్మలు కనబడ్తలేవా అవ్వా? పుట్టినింటోళ్లు పెట్టినయా?" అని అడుగు. కలిసి వెతుకు. దిండు గలీబులో, కొంగు ముడిలో, బ్రష్షు పెట్టుకునే డబ్బాలో చూడు. దొరికితే నువ్వు తీసి ఇవ్వకు, ఆవిడ చేతికే దొరకనివ్వు. నీ చేతిలో కనిపిస్తే అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

నీ జాగ్రత్త నీకూ ఉండాలి. చేర్చుకునేటప్పుడు ఒంటి మీద ఏమేం ఉన్నాయో ఇంటివాళ్ల సంతకంతో రాసుకోమని ఆఫీసుకు చెప్పు. ఎవరి నగా, ఎవరి డబ్బూ నీ దగ్గర పెట్టుకోకు, ఒక్క పూటకైనా సరే. అవ్వ నిన్ను దొంగ అన్న ప్రతిసారీ రిపోర్టులో రాయి. ఏదో ఒక రోజు నిజంగానే ఒక వస్తువు పోతే అందరి చూపూ ముందు రాత్రి డ్యూటీ పిల్ల మీదికే మళ్లుతుంది. ఇది అన్యాయం, కానీ జరుగుతుంది.

పొద్దుగూకితే ఇంటికి పోతాననడం ఈ జబ్బులో చాలా మామూలు. వెలుతురు తగ్గి నీడలు పెరిగే వేళ, ఒళ్లు అలిసిపోయిన వేళ గందరగోళం పెరుగుతుంది. నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. అవ్వ బతుకంతా ఆ సాయంత్రపు వేళే పని ఎక్కువ. బర్రెను కట్టెయ్యాలి, పాలు పిండాలి, పొయ్యి ముట్టించాలి, దీపం పెట్టాలి. అరవై ఏళ్లు ఆ వేళకు పరుగు పెట్టిన కాళ్లు ఇప్పుడు మాత్రం కుదురుగా ఎట్లా ఉంటాయి?

నా వార్డులో వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. 1934లో మొదలైన ఆ మిల్లు ఆయన వార్డుకు వచ్చేనాటికే మూతబడింది. ఆయన చెవుల్లో మాత్రం సైరన్ మోగుతూనే ఉండేది. రాత్రి షిఫ్టు టైం కాగానే లేచి చెప్పుల కోసం వెతికేవారు. "మిల్లు లేదు, పడుకో" అన్నవాళ్ల మీద చెయ్యి లేపేవారు. ఒకరోజు ఆయన భార్య వచ్చి, పాత స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆ రాత్రి డబ్బాలో రెండు రొట్టెలు, పచ్చడి పెట్టి చేతికిచ్చాను. ఆయన మూత తీసి చూసుకున్నారు. మళ్లీ మూసి, బొటనవేలితో క్లిప్పు నొక్కి, టక్కుమన్నాక నా వైపు చూశారు. ఇద్దరం వరండా ఆ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాం. మంచం మీద కూర్చుని రొట్టెలు తిన్నారు, డబ్బా తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నారు. రోజూ అలా జరగలేదు. వారంలో నాలుగు రోజులు జరిగింది, నాకు అది చాలా ఎక్కువ.

అవ్వకు కూడా అలాంటిదేదో చూడు. నాలుగున్నరకే లైట్లన్నీ వేసేయమని పగటి డ్యూటీ వాళ్లకు చెప్పు. చాయ్, దాంతో ఏదైనా తినడానికి ఇవ్వమను. నువ్వు డ్యూటీకి వచ్చాక ఒక పళ్లెంలో చిక్కుడుకాయలు పోసి ముందు పెట్టు, లేదా ఉతికిన తువ్వాళ్ల కుప్ప ఇచ్చి మడత పెట్టమను. మడతలు వంకర పోయినా సరిచేయకు. బతుకమ్మ పండగప్పుడు తంగేడు, గునుగు పూలు తెచ్చి ఇవ్వు. కొడుకు పేరు మరిచిపోయిన వాళ్ల నోట్లో కూడా పాట నిలిచి ఉంటుంది.

"రేపు మీ కొడుకు వస్తడు" అనే మాట మానెయ్ బిడ్డా. ఈ జబ్బున్న వాళ్లకు చిన్న అబద్ధం చెప్పొచ్చా లేదా అని ఈ పనిలో ఉన్నవాళ్లలోనే రెండు రకాల అభిప్రాయాలున్నాయి. తప్పదు అనే వాళ్లను నేను తప్పుబట్టను. నా మట్టుకు నేను చెప్పను. నువ్వన్న మాట అవ్వ మరిచిపోవచ్చు, కానీ ఎదురుచూసి రాకపోయిన దిగులు మిగిలిపోతుంది. అలాగని "ఆయన అమెరికాలో ఉన్నడు, రాడు" అని ముఖాన కొట్టినట్టు చెప్పాల్సిన పనీ లేదు. "కొడుకు యాదికొచ్చిండా అవ్వా? చిన్నప్పుడు బడికి పోతుండెనా, ఎగ్గొడుతుండెనా?" అని అడుగు. ఆవిడకు కావలసింది కొడుకు గురించి మాట్లాడే మనిషి. ఆఫీసు ద్వారా ఆ అబ్బాయికి ఒక మాట చేరవెయ్యి. ఒక నిమిషం వీడియో పంపమను. "అవ్వా, నేను మంచిగున్న, నువ్వు అన్నం తిను" అంటే చాలు. అమెరికాలో ఉన్న మనిషి రాలేకపోవచ్చు, ఒక నిమిషం మాట్లాడలేనంత దూరంలో మాత్రం లేడు. గేటు దగ్గర నిలబడే వేళకు అది చూపించు.

టీచరు సారు సంగతి. ముందు ఆయన్ను తాతా అనడం మానెయ్. ముప్పై ఏళ్లు ఊరంతా "సారూ" అని చేతులు కట్టుకున్న మనిషి ఆయన. ఇప్పుడు ఎవరో తెలియని ఆడపిల్ల వచ్చి బట్టలు విప్పి తల మీద నీళ్లు గుమ్మరిస్తోంది. ఆయనకు అది దాడి. మగ కేర్‌టేకర్ ఉంటే స్నానం పని వాళ్లకు అప్పగించమని అడుగు, అది అడగడం తప్పు కాదు. నువ్వే చేయించాల్సి వస్తే ఎదురుగా నిలబడి, ప్రతి పని ముందు చెప్పి చెయ్యి. "సారూ, నీళ్లు వెచ్చగున్నయా చూడుండ్రి" అని మగ్గు ఆయన చేతికే ఇవ్వు. భుజాల మీద తువ్వాలు ఉంచు, నడుం మీద పంచె ఉంచు, ముందు కాళ్లకు నీళ్లు పొయ్యి, తలకు చివర. ఆ రోజు వద్దంటే వదిలెయ్, తడి బట్టతో తుడిస్తే సరిపోతుంది. చెయ్యి పైకెత్తినప్పుడే కొడుతున్నారా అని కూడా చూడు. భుజం పట్టేసిన నొప్పి అయ్యుండొచ్చు. నొప్పికి మందు ఇస్తే కోపం తగ్గిన వాళ్లున్నారు.

ఆయన కావాలని కొట్టలేదు. అలాగని నీ చెంప దెబ్బ దెబ్బ కాకుండా పోదు. ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా కొట్టారో రాసి ఇన్‌చార్జికి ఇవ్వు. "ఈ పనిలో ఇవన్నీ మామూలే" అని ఎవరైనా అంటే ఊరుకోకు.

ఇప్పుడు చేతులు కట్టే విషయం. నువ్వు కట్టకపోవడం సరైన పని, చట్టం కూడా నీ వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం, మనిషికో పక్కవాళ్లకో తక్షణ హాని తప్పించడానికి వేరే దారి ఏదీ లేనప్పుడే కట్టాలి. అదీ బాధ్యత వహించే సైకియాట్రిస్ట్ అనుమతి ఇస్తేనే. ఎందుకు కట్టారో కేసు షీట్‌లో రాయాలి, 24 గంటల్లోగా ఆ మనిషి తరఫున ఉన్న ప్రతినిధికి చెప్పాలి. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువ ఉన్నారనే కారణంతో కట్టకూడదని ఆ సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. "మీరిద్దరే కదా" అనే మాటకు చట్టంలోనే జవాబు ఉందన్నమాట.

నాలుగు నెలల ఉద్యోగి ఇన్‌చార్జికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. చట్టం పేరుతో మొదలుపెట్టకు. "సార్, డాక్టరు సారు రాసిస్తే కడతం. రాయకుండా కట్టి చెయ్యి వాచినా, పెనుగులాటలో కింద పడ్డా మన మీదికి వస్తది" అను. మంచం ఎత్తు తగ్గించడం, గోడ పక్కకు జరపడం, పక్కన చాప వేయడం, రాత్రి రెండింటికి ఒకసారి ఒంటికి తీసుకెళ్లడం, ఇవన్నీ కట్టడానికి బదులు చేయొచ్చు. సారు రాత్రి ఎందుకు లేస్తున్నారో మీలో ఎవరైనా అడిగారా? బాత్రూం కోసమే అయితే చేతులు కడితే ఆయన పక్క తడుపుకుని పడుకోవాల్సి వస్తుంది. పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషికి అంతకంటే అవమానం ఉంటుందా? నీ తోటి ఆమెను నిందించకు. ఇద్దరితో 18 మందిని చూడమన్నవాళ్లదే అసలు తప్పు. చెప్పినా ఆగకపోతే సైకియాట్రిస్ట్ సారుకు నేరుగా చెప్పు. అక్కడా వినకపోతే వృద్ధుల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది, డబ్బులు పడవు.

నువ్వు రాయకపోయినా ఒక సంగతి చెబుతున్నాను, ఎప్పుడో ఒకప్పుడు నీకు ఎదురవుతుంది. "దేవుడు ఎప్పుడు తీస్కపోతడో" అని ముసలివాళ్లందరూ అంటారు. ఆ మాటతో పాటు తిండి మానేయడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, ఇష్టమైన మనవడు వచ్చినా మొహం తిప్పుకోవడం, వేసుకోవాల్సిన మాత్రలు దిండు కింద పోగు కావడం కనిపిస్తే అది ఊరికే అన్న మాట కాదు. పక్కన కూర్చుని, "సచ్చిపోవాలనిపిస్తుందా అవ్వా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగేవాళ్లు దొరికితే బరువు దిగుతుంది. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకు. ఆ షిఫ్టులోనే డాక్టరుకు చేరాలి. ముసలితనపు దిగులు మందుకు తగ్గుతుంది, వయసని వదిలేయాల్సింది కాదు.

పోయిన నెల చనిపోయిన పెద్దమ్మ కోసం నువ్వు ఏడ్చావు. ఏడిస్తే ఈ పని చేయలేవన్నది అబద్ధం. నేను రిటైరయ్యే ఏడు కూడా ఏడ్చాను. ఇంటివాళ్లు దశదినకర్మకు పిలిస్తే వెళ్లు. ఆ అన్నం తిన్నాక మనసు కొంత కుదుటపడుతుంది. కానీ ఏడుపు ఆగకపోతే, డ్యూటీకి బయల్దేరుతుంటేనే గుండె దడ వస్తే, టెన్షన్‌తో సెలవు రోజు కూడా నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చెయ్. అది టెలిమానస్, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, 2022 అక్టోబర్‌లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. రోగులకే కాదు, నీకూ అది.

జీతం సంగతి కూడా తేల్చుకో. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట నెలకు 21 వేల దాకా జీతం వచ్చేవాళ్లకు ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, ఉండాలి. నీ 11 వేలలో నుంచి కోత పడేది దాదాపు 83 రూపాయలు, మిగతాది యజమాని కట్టాలి. నడుం పట్టేసే పని ఇది, అడుగు. వీలైతే రోగులను చూసుకునే పని నేర్పే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చెయ్యి. ఆ సర్టిఫికెట్‌తో, ఈ అనుభవంతో కాస్త మెరుగైన చోటు దొరుకుతుంది. ఇద్దరికి 18 మందిని అప్పగించి, చేతులు కట్టమనే పద్ధతి ఆరు నెలల్లో మారకపోతే ఆ సెంటర్ మారు. పనిని మాత్రం వదలకు.

మీ అమ్మ భయం పట్ల నాకు కోపం లేదు. మిర్చి ఏరడానికి ఎండలో పోయి నిన్ను ఇంటర్ దాకా చదివించిన తల్లి అన్నావు ఫోన్‌లో. ఆవిడ కంటికి నువ్వు గొలుసులు, అరుపులు ఉన్న చోట ఉన్నావు. మన దేశంలో 60 దాటిన వాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి మతిమరుపు జబ్బు ఉందని 2023లో వచ్చిన అంచనా చెబుతోంది. మీ ఊళ్లోనూ ఉండి ఉంటారు, "చాదస్తం" అని సరిపెట్టుకున్నారంతే. ఇదంతా మీ అమ్మకు నోటితో చెబితే ఎక్కదు. ఇన్‌చార్జిని అడిగి, ఇంటివాళ్లు వచ్చే వేళల్లో ఒక రోజు ఆవిడను సెంటర్‌కు తీసుకెళ్లు. సాయంత్రం నాలుగింటికైతే మంచిది. అవ్వ తలకు నూనె రాసి నువ్వు జడ వేస్తుండగా మీ అమ్మను ఆ పక్కనే కుర్చీలో కూర్చోమను. బర్రెల గురించి అవ్వ అడిగేవాటికి నీకంటే మీ అమ్మే బాగా జవాబు చెప్పగలదు.